లాగే బండి, మోసే బండి

పోయిన చలికాలంలో ఒక శుక్రవారం. రిగ్గైలో మన తెలుగు బడి జరుగుతోంది. గుణింతాలు వల్లె వేస్తున్న పిల్లలు ఉన్నట్టుండి లేచి కిటికీ దగ్గరకు పరుగెత్తారు. కింద వీధిలో ఒక పెద్ద పికప్ బండి, దాని వీపు మీద ముక్కు ఆనించి, వెనకాలే ఒక తెల్లటి ఇల్లు! "సార్, ఇల్లు బండెక్కింది" అన్నాడొకడు. అది కారవాన్ అనీ, అందులో ఈ రకాన్ని టాయ్ హాలర్ అంటారనీ చెప్పాం. "టాయ్ అంటే బొమ్మలు కదా, అన్ని బొమ్మలు ఎవరికి సార్?" అని రెండో తరగతి పాప అడిగింది. ఆ బొమ్మలు పెద్దవాళ్ళవమ్మా, ఒక్కొక్కటి రెండు వందల కిలోల నుంచి ఏడు వందల కిలోల దాకా ఉంటాయి అంటే ఎవరూ నమ్మలేదు.

ఈ సంచిక ఊళ్ళో ఉన్న తాతయ్యలు, అమ్మమ్మలు కూడా చదువుతారు కనుక కాస్త వివరంగా చెబుతాం. కువైట్‌లో ఎండలు తగ్గాక, మామూలుగా నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య వరకు, మునిసిపాలిటీ అనుమతితో ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. వారాంతం వస్తే కువైటీ కుటుంబాలు పిల్లాపాపలతో అక్కడికి చేరతాయి. అలాంటి ఎడారి షికారుని ఇక్కడ "కష్తా" అంటారు. (ఆ మాట వినగానే మనవాళ్ళకి కష్టమే గుర్తొస్తుంది. సామాన్లు మోసే మన డ్రైవరన్నల విషయంలో అది పెద్ద తప్పేమీ కాదు.) ఇసుక మీద తిరగడానికి నాలుగు చక్రాల మోటారు సైకిళ్ళు, బగ్గీలు తీసుకెళతారు. వాటిని పెట్టుకోవడానికి వెనక గ్యారేజీ, ముందు పడక, వంటగది, స్నానాలగది అన్నీ ఒకే పెట్టెలో ఉంటే అది టాయ్ హాలర్. వెనక గోడే కిందికి వాలి బగ్గీ ఎక్కడానికి వాలుబల్లగా మారుతుంది.

అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం వేరే ఉంది. సెలవు రోజు మన బడికి వచ్చి కుర్చీలు సర్ది, పిల్లల్ని రోడ్డు దాటించి వెళ్ళే అన్న ఒకాయన ఉన్నారు. రాజంపేట వైపు మనిషి, ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. ఆ రోజు తరగతి అయ్యాక ఆయన మమ్మల్ని పక్కకు పిలిచారు. "సార్, మా ఇంట్లో ఇట్లాంటిదే పాతది ఒకటి కొన్నారు. మన బండి ఐదు టన్నులు లాగతాదంట, ఆ ఇల్లు నాలుగున్నర టన్నులేనంట. అమ్మినాయన లెక్క చెప్పినాడు. కానీ తగిలించినాక బండి యెనక కూలబడతాంది, స్టీరింగు తేలిపోతాంది. నేను చెప్తే భయపడతాండావు అంటారు. వచ్చే వారం సాల్మీ రోడ్డు మీద తీసకపోవల్ల. ఏం చేసేది సార్?"

మేము ఊళ్ళో మెకానికల్ ఇంజనీరింగు చదివి, పొట్టకూటికి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్ళం. పాత చదువు ఎక్కడికి పోతుంది అనుకుని కాగితం తీశాం. ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాం. బండి తోలేది ఇంట్లో డ్రైవరన్నా కావచ్చు, రేపు అమెరికాలోనో కెనడాలోనో స్థిరపడే మన పిల్లలైనా కావచ్చు.

మొదట ఎద్దుబండి సంగతి చెప్పుకుందాం. రెండు చక్రాల బండికి బరువంతా ఇరుసు మీదే ఉండదు. బస్తాలు ముందుకు జరిగితే నొగలోంచి కాడి మీదికి, కాడిలోంచి ఎద్దుల మెడ మీదికి బరువు దిగుతుంది. బస్తాలు వెనక్కి జరిగితే కాడి పైకి లేస్తుంది, మెడకింది తాడు బిగుసుకుని ఎద్దులకు ఊపిరాడదు. అందుకే బండి నింపేవాడు ఒక బస్తా అటు, ఒక బస్తా ఇటు జరిపి, కాడి ఎత్తి చూసి, ముందు కాస్త బరువుంచి వదిలేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు తోలేవాడే ముందుకు జరిగి కూర్చునేవాడు. ఎద్దు చేసే పనులు రెండు: బండిని లాగడం, కాడి మీద పడిన బరువుని మోయడం. పది బస్తాలు లాగగల ఎద్దు మెడ మీద రెండు బస్తాలు పెడితే నిలవలేదు. పికప్ బండి సంగతీ ఇంతే. దానికి లాగే హద్దు ఒకటి, మోసే హద్దు ఒకటి. అమ్మేవాళ్ళు పెద్ద అక్షరాలతో చెప్పేది లాగే హద్దు. మోసే హద్దుని ఇంగ్లీషులో పేలోడ్ అంటారు. మనం మోత అందాం.

ఇక ఐదో చక్రం. ఈ రకం ట్రైలర్లని ఫిఫ్త్ వీల్ అంటారు. నాలుగు చక్రాల బండికి ఐదోది ఎక్కడిది అని పిల్లలు వెతికారు. పూర్వం గుర్రపు బగ్గీల్లో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి దానిపైన పడుకోబెట్టిన చక్రం ఒకటి ఉండేది, పేరు అక్కడి నుంచి వచ్చింది. ఇప్పుడది పికప్ తొట్టి మధ్యలో బిగించే ఇనప పళ్ళెం. మన తిరగలిని ఊహించుకోండి. కింది రాయికి బదులు పళ్ళెం, పై రాయికి బదులు ట్రైలరు ముక్కు, మధ్య శీలకు బదులు ట్రైలరు కింది నుంచి దిగే లావాటి పిన్ను. మామూలు కారవాన్లు బండి వెనక బంపరు దగ్గర గుండుకు తగులుతాయి. వాటి బరువులో నూటికి పదీ పదిహేను వంతులు బండి మీద పడతాయి. ఐదో చక్రం వాటిలో నూటికి పదిహేను నుంచి ఇరవై ఐదు దాకా పడతాయి. ఆ పళ్ళెం వెనక ఇరుసుకి దాదాపు నెత్తిన ఉంటుంది కాబట్టి, ఆ బరువు ముందు చక్రాలకు పంచుకోకుండా మొత్తం వెనక చక్రాల మీదికే వస్తుంది.

సరే, అన్న తెచ్చిన లెక్కకి వద్దాం. డ్రైవరు పక్క తలుపు తీస్తే స్తంభం మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. అన్నని దాన్ని ఫొటో తీసి పంపమన్నాం. అన్నీ నిండిన బండి మొత్తం బరువు 3,220 కిలోలు దాటకూడదని ఉంది. మనుషులు, సామాన్లు కలిపి 780 కిలోలు దాటకూడదని ఉంది. అంటే ఖాళీ బండి, ట్యాంకు నిండా పెట్రోలుతో, సుమారు 2,440 కిలోలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 780 అనేది ట్రైలరుకి మిగిలిన అంకె కాదు. అందులోంచి అన్న బరువు 80 కిలోలు తీసేయాలి. ఆ ఇనప పళ్ళెం, దాని చట్రం 90 కిలోలు. జాకీ, పార, ఇసుకలో కూరుకుపోతే వేసే పలకలు, పనిముట్లు 60 కిలోలు. మిగిలింది 550. యజమాని కుటుంబం కూడా అదే బండిలో ఎక్కితే? మా కాగితంలో వాళ్ళను వేరే కారు ఎక్కించేశాం.

ఇక ట్రైలరు. కొత్తగా అమ్మినప్పటి కరపత్రంలో ఖాళీ బరువు 4,500, పిన్ను బరువు సుమారు 770 అని ఉంది. ఆ 770తోనే 550 మించిపోయింది! అమ్మినాయన చెప్పిన "ఐదు టన్నుల్లో నాలుగున్నర" అబద్ధం కాదు, కానీ అది సగం లెక్కే. పైగా కరపత్రంలో ఖాళీ అంటే నిజంగానే ఖాళీ. నీళ్ళు లేవు, గ్యాసు సిలిండర్లు నిండలేదు, బ్యాటరీలు లేవు. దుప్పట్లు, గిన్నెలు, బియ్యం లేవు. అలాంటి ఇంట్లో ఎవరూ కాపురం చేయరు.

పిల్లలకి ఇక్కడ ఒక సరదా ఉంది. ఆరో తరగతి దాటినవాళ్ళు కాగితం, పెన్సిలు తీసుకోండి. ఈ ట్రైలరులో పిన్నుకీ చక్రాల మధ్య బిందువుకీ దూరం 7 మీటర్లు. నీళ్ళ ట్యాంకు చక్రాలకు 2 మీటర్లు ముందుంది, 400 లీటర్లు పడతాయి. నీరు లీటరుకి కిలో కదా. పిన్ను మీద పెరిగే బరువు 400ని 2తో గుణించి 7తో భాగిస్తే వస్తుంది: సుమారు 114 కిలోలు. ముక్కు దగ్గర సిలిండర్లు, బ్యాటరీలు కలిపి 100 కిలోలు ఉన్నాయి. అవి పిన్నుకి దగ్గర కాబట్టి అందులో 80 దాకా పిన్నే మోస్తుంది. అన్నీ కలిపితే 960 చిల్లర.

ఇప్పుడు గ్యారేజీలో 650 కిలోల బగ్గీ ఎక్కించండి. అది చక్రాలకు 2 మీటర్లు వెనక ఉంటుంది. పిన్ను బరువు పెరుగుతుందా, తగ్గుతుందా? తరగతిలో చేతులెత్తమంటే అందరూ పెరుగుతుందనే అన్నారు. ఒక్క అబ్బాయి మాత్రం కాసేపాగి, "సార్, ఎక్కుడుబల్లలో అవతలివాడు కూర్చుంటే ఇటుపక్క పైకి లేస్తుంది కదా" అన్నాడు. వాడికి ఆ రోజు ఖర్జూరాల పొట్లం ఇచ్చాం. 650ని 2తో గుణించి 7తో భాగించండి. 186 కిలోలు తగ్గుతుంది! బగ్గీ ఎక్కించాక పికప్ మీద బరువు 960 నుంచి 774కి దిగింది. టాయ్ హాలర్‌లో ఉన్న విచిత్రం ఇదే. ఆటబండి లేకుండా ఖాళీగా వెళ్ళినప్పుడే పికప్ నడుము ఎక్కువ వంగుతుంది. బగ్గీ దింపేశాం కదా, తేలికే కదా అనుకుని నీళ్ళు మాత్రం నింపుకుని బయల్దేరితే అసలు ప్రమాదం అక్కడుంది.

ఇంట్లో చూడాలంటే వంటింటి తూకం యంత్రం చాలు. అడుగు స్కేలు ఒక చివర తూకం మీద ఆనించండి. స్కేలు కింద, మధ్య కంటే కొంచెం అవతలికి, ఒక పెన్సిలు పెట్టండి. పెన్సిలు చక్రాలు, తూకం పికప్ బండి. పెన్సిలుకి ఇటు ఒక రబ్బరు పెట్టి అంకె రాసుకోండి. తర్వాత పెన్సిలుకి అటుపక్క ఇంకొకటి పెట్టి మళ్ళీ చూడండి. మీ అమ్మగారు గరిటె పట్టుకుని వచ్చేలోపు పూర్తి చేయండి.

"అయితే బగ్గీ ఎక్కించేస్తే సరిపోతాది కదా సార్" అన్నారు అన్న. మేమూ ముందు అదే అనుకున్నాం. కానీ బండి తాను 2,440, అన్న, పళ్ళెం, పనిముట్లు 230, పిన్ను 774. మొత్తం 3,444. హద్దు 3,220. ఇంకా 224 ఎక్కువే. నీళ్ళు వదిలేసి, గుడారం దగ్గరే ట్యాంకరుతో నింపుకుంటే? ఇంకో 114 తగ్గుతుంది. అయినా 110 ఎక్కువ. పైగా బగ్గీతో ట్రైలరు మొత్తం బరువు 5,250 అయింది, లాగే హద్దు 5,000 దాటింది! పిన్ను మీద పడేది నూటికి పన్నెండున్నరకి దిగిపోయింది. అంత తక్కువైతే కాడి తేలిన ఎద్దుబండిలా ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. ఇటు సర్దితే అటు తప్పుతోంది, అటు సర్దితే ఇటు. ప్రోగ్రాములో ఒక తప్పు దిద్దితే ఇంకో రెండు బయటపడడం మాకు రోజూ ఉండేదే కనుక మేము పెద్దగా ఆశ్చర్యపోలేదు.

కాగితం లెక్కని ఎవరూ నమ్మరని మాకు తెలుసు. కాటా వేయించమన్నాం. మన ఊళ్ళో చెరుకు ట్రాక్టరుని, ధాన్యం లారీని కాటా మీద పెట్టినట్టే ఇక్కడా వే బ్రిడ్జీలు ఉంటాయి. ఎక్కడ ఉన్నాయో హాఫ్ లారీ తోలేవాళ్ళని అడిగితే చెబుతారు. రెండు తూకాలు చాలు. మొదట ట్రైలరు లేకుండా, మనిషి, పళ్ళెం, పనిముట్లతో బండి ఒక్కటే: 2,670 వచ్చింది. తర్వాత ట్రైలరు తగిలించి, పికప్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేట్టు ఆపాలి. ట్రైలరు చక్రాలు బయటే ఉండాలి. 3,630 వచ్చింది. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే పిన్ను బరువు 960. నీళ్ళు నిండా ఉన్నాయి, బగ్గీ లేదు. మా కాగితంలో అంకె అదే రావడం చూసి చాలా ఏళ్ళ తర్వాత పరీక్ష పాసైనంత సంబరపడ్డామని ఒప్పుకోవాలి. హద్దు కన్నా 410 కిలోలు ఎక్కువ. అంటే అయిదారుగురు మనుషులు తొట్టిలో నిలబడినంత.

ఇంకో అంకె కూడా చూశాం. ఆ తలుపు దగ్గరే వెనక ఇరుసు హద్దు 1,790 కిలోలు అని విడిగా రాసి ఉంది. ట్రైలరు లేనప్పుడే ఆ ఇరుసు మీద 1,180 ఉంది. దానికి 960 కలిపితే 2,140. వెనక రెండు టైర్ల పక్కన 112 అని ఉంది. ఆ అంకెకు ఒక్కో టైరు 1,120 కిలోలు మోయగలదని అర్థం, రెండూ కలిపి 2,240. చూశారా, టైర్లు బొటాబొటిగా సరిపోయాయి, ఇరుసు మాత్రం హద్దు దాటింది. టైరు పగల్లేదు కాబట్టి అంతా బాగుంది అనుకునేవాళ్ళు ఇక్కడే మోసపోతారు.

ఆ 1,120 కూడా టైరులో గాలి పూర్తిగా ఉంటేనే. ఎడారిలో ఇసుక మీద కూరుకుపోకుండా అందరూ గాలి తగ్గిస్తారు. తగ్గించిన గాలితోనే హైవే ఎక్కేస్తే టైరు పక్కలు నలిగి వేడెక్కి పగులుతుంది. గాలి కొట్టే చిన్న యంత్రం బండిలో లేనిదే గాలి తీయకూడదు. కారవాన్లు ఎనిమిది నెలలు ఎండలో పడి ఉంటాయి. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలో రబ్బరు ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పైన గీతలు కొత్తగానే కనబడతాయి. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2317 అంటే 2017లో 23వ వారంలో తయారైంది. అన్న వాళ్ళ ట్రైలరుకు ఉన్నవి ఒక్కోటి ఒక్కో సంవత్సరంవి.

వెనక కూలబడితే ఏమవుతుందని ఇంట్లో ఆడవాళ్ళు అడిగారు. చెరుకు ట్రాక్టరు చూసినవాళ్ళకి తెలుసు. ట్రక్కులో లోడు ఎక్కువై బరువంతా కొక్కెం మీద పడితే ట్రాక్టరు ముందు చక్రాలు నేల విడిచి లేస్తాయి. పికప్‌లో అంత కనబడదు గానీ ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగు తిప్పితే ఆలస్యంగా తిరుగుతుంది. బ్రేకు ఎక్కువ పట్టాల్సింది ముందు చక్రాలే, వాటికి నేల మీద పట్టు తగ్గుతుంది. రాత్రిపూట దీపాలు రోడ్డు వదిలేసి ఎదుటివాళ్ళ కళ్ళలో పడతాయి. వెనక ఇంకో కమాను పట్టీయో, గాలి బుంగలో వేయించి బండిని పైకి లేపితే సరిపోతుందని మెకానిక్కులు అంటారు. బండి సమంగా నిలబడుతుంది, నిజమే. కానీ తలుపు మీద అంకె మారదు, ఇరుసు, బ్రేకు, చట్రం పాతవే. నడుము నొప్పికి పట్టీ కట్టుకుని ఇంకో బస్తా ఎత్తుకోవడం లాంటిదది.

మరి ఏ బండి సరిపోతుంది? పికప్పులని హాఫ్ టన్ను, ముప్పావు టన్ను, వన్ టన్ను అని పిలుస్తారు. ఒకప్పటి మోతను బట్టి వచ్చిన పేర్లు, ఇప్పటి మోతకు వాటితో సంబంధం లేదు. బండి పేరులో 1500 ఉందనో 3500 ఉందనో అంతటితో నమ్మకూడదు. ఒకే పేరున్న రెండు బండ్లలో ఒకదానికి తోలు సీట్లు, పైకప్పు అద్దం, నాలుగు తలుపులు ఉంటే దాని మోత అంత తగ్గుతుంది. సోకులన్నీ మోతలోంచే పోతాయి. మీ బండి తలుపు మీద ఉన్నదే మీ అంకె. అన్న యజమాని తమ్ముడికి ఒక వన్ టన్ను బండి ఉంది. దాని మొత్తం హద్దు 5,200, ఖాళీ బరువు 3,300. అన్న, పళ్ళెం, పనిముట్లు 230, పిన్ను 960 కలిపితే 4,490. ఇంకా 710 మిగిలింది. కుటుంబమంతా ఎక్కినా ఫరవాలేదు.

అన్న ఈ రెండు కాటా చీటీలూ, తలుపు ఫొటో, మా కాగితం పట్టుకుని యజమాని దగ్గరికి వెళ్ళారు. మేము అంకెలన్నీ అరబ్బీలో కూడా రాసిచ్చాం, మన బడికి వచ్చే ఒక పిల్లవాడు అక్షరాలు సరిచూశాడు. పెద్దాయన ముందు నవ్వారట. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని తలుపు తీసి తనే చదువుకున్నారట. కాసేపటికి తమ్ముడికి ఫోను చేశారు. ఆ వారం ప్రయాణం తమ్ముడి బండితోనే జరిగింది. బగ్గీ గ్యారేజీలో, నీళ్ళు సగం ట్యాంకు, ట్రైలరుకి ఆరు కొత్త టైర్లు.

తర్వాతి శుక్రవారం అన్న మామూలుగానే వచ్చి కుర్చీలు సర్దారు. "ఎట్లుండాది అన్నా?" అని అడిగితే, "స్టీరింగు చేతిలో ఉండాది సార్" అన్నారు. ఆ రెండు చీటీలు కారులో నీడ పలకకి గుచ్చుకుని తిరుగుతున్నారట. ఇంకో ఇంట్లో పనిచేసే మదనపల్లె డ్రైవరు ఒకాయన వాటిని ఫొటో తీసుకుని, తమ బండి తలుపు మీది కాగితం మాకు పంపారు. దాని లెక్క ఇంకా నడుస్తోంది. తలుపు మీది కాగితం ఎండకి సగం వెలిసిపోయింది.